పన్ను డాక్టరు గదిలో గాలి

2020 కరోనా వేసవిలో పుట్టిన ప్రశ్న ఒకటి ఇప్పటికీ జనం నోట వినబడుతుంది. "జ్వరం వచ్చినవాళ్ళని చూశారు, కాన్పులు చేశారు, గుండె నొప్పంటే పరుగెత్తుకొచ్చారు. పన్ను డాక్టరు మాత్రం షటరు ఎందుకు దించేశాడు? పంటినొప్పి చూడ్డానికి అంత భయమేమిటి?"

ఆ కోపం న్యాయమైనదే. బుగ్గ వాచి, రాత్రంతా కూర్చుని తెల్లవారజేసినవాళ్ళకి తప్ప ఆ బాధ తెలియదు. కానీ జవాబు డాక్టరు పిరికితనంలో లేదు. అది ఆ గదిలోని గాలిలో ఉంది. గాలి సంగతి తెలిస్తే, డబ్బున్న దేశంలో తేలిగ్గా తీరే ఇబ్బంది మన దగ్గర ఎందుకు కొండంత అయిందో కూడా తెలుస్తుంది.

చూడటానికి గోపాలపట్నం వెళ్దాం. విశాఖపట్నానికి పడమటి శివారు, సింహాచలం రైల్వే స్టేషన్ ఉన్న ఊరు. ఎన్ఏడీ జంక్షన్ దాటి పెందుర్తి వైపు పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా దుకాణాలు, వాటి మేడల మీద క్లినిక్కులు. పోర్టులో, ఉక్కు కర్మాగారంలో, రైల్వేలో పనిచేసేవాళ్ళు, వాళ్ళ చుట్టూ అల్లుకుని బతికే ఆటోవాళ్ళు, కూరగాయలవాళ్ళు వచ్చేది అక్కడికే. అలాంటి క్లినిక్ ఒకటి ఊహించుకోండి. మందుల షాపు మీద ఒక గది. అందులో ఒక కుర్చీ, ఒక ఏసీ. మెట్ల దగ్గర నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. వీధివైపు కిటికీ ఒకటుంటుంది గాని, దుమ్ము వస్తుందని దాన్ని ఎప్పుడో మూసేశారు.

మన దేశంలో డెంటల్ కాలేజీలు 300 పైచిలుకు ఉన్నాయి. పట్టా పుచ్చుకున్న డాక్టర్లకు కొదవ లేదు. కొదవంతా సామాన్యుడికి అందే చోట. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. విశాఖ వైపు చూస్తే రుషికొండలోని గీతం, సంగివలసలోని అనిల్ నీరుకొండ కాలేజీలు రెండూ ప్రైవేటువి. బస్సులు ఆగిపోయిన రోజుల్లో గోపాలపట్నం మనిషికి అవి వేరే ఊళ్ళ కింద లెక్క. కాబట్టి పంటి వైద్యం బరువంతా ఆ ఒంటిగది క్లినిక్కు మీదే పడింది. రోగి ఖర్చు రోగి జేబులోంచే, క్లినిక్ ఖర్చు డాక్టరు జేబులోంచే.

సానరాయి మీద నీళ్ళు

వీధిలో కత్తులు సానబట్టేవాణ్ణి చూసే ఉంటారు. చక్రం తిరుగుతుంటే మధ్యమధ్యలో నీళ్ళు చిలకరిస్తాడు. లేకపోతే అలుగు కాలిపోయి పదును చెడుతుంది. పన్ను డాక్టరు చేతిలో కుయ్యిమని అరిచే మర చేసేదీ అదే పని. దాన్ని ఎయిరోటర్ అంటారు. అమెరికాలో జాన్ బోర్డెన్ అనే దంతవైద్యుడు 1957లో తెచ్చిన మర పేరే అందరికీ అలవాటైపోయింది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి తోపుకి దాని ముక్కున ఉన్న చిన్న ములుకు నిమిషానికి 3 నుంచి 4 లక్షల చుట్లు తిరుగుతుంది.

అంత వేగంలో రాపిడికి పుట్టే వేడి తక్కువేం కాదు. పంటి లోపల ప్రాణమున్న మెత్తని గుజ్జు ఉంటుంది. రక్తనాళాలు, నరం అందులోనే. ఆ గుజ్జు వేడి ఐదారు డిగ్రీలు పెరిగినా అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే మర ముక్కు నుంచే సన్నని నీటిధార ఎప్పుడూ ములుకు మీద పడుతుంటుంది. వానలో పోయే బండి చక్రం నీళ్ళని వెనక్కి ఎలా విసురుతుందో, ఈ ములుకూ అలాగే విసురుతుంది. తేడా వేగంలోనే. ఇక్కడ నీళ్ళు చుక్కలుగా కాదు, పొగలా లేస్తాయి.

గార తీసే మర ఇంకో రకం. జనం 'క్లీనింగ్' అంటారే, అది. దాని కొన సెకనుకి పాతికవేల సార్లకు పైగా వణుకుతుంది. ఎండ వెలుగులో చూస్తే నోటి చుట్టూ తెల్లని మంచులా కనిపిస్తుంది. డాక్టరు కళ్ళద్దాల మీద, భుజాల మీద, రోగి ఛాతీ మీద ఆ మంచు వాలుతుంది. పని అయ్యాక ఆయన అద్దాలు తుడుచుకుంటాడు. ఆ నీళ్ళలో రోగి ఉమ్మి కూడా ఉంటుంది. కరోనా వైరస్ ఉమ్మిలో దొరుకుతుందని 2020 మొదట్లోనే తేలింది.

చుక్క పరిమాణాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. మన తలవెంట్రుక లావు ఇంచుమించు 70 మైక్రాన్లు. 100 మైక్రాన్ల చుక్క మనిషి ఎత్తు నుంచి కొద్ది సెకన్లలో నేల చేరుతుంది. 10 మైక్రాన్లదైతే, గాలి కదలని గదిలో, 8 నిమిషాల దాకా దిగదు. 5 మైక్రాన్లదానికి అరగంట పైనే పడుతుంది. 1 మైక్రాన్ చుక్క సగం రోజు వేలాడుతుంది. కిటికీ సందులోంచి ఎండ పడినప్పుడు ఆ వెలుగుబాటలో తేలే దుమ్ము నేలకి దిగుతున్నట్టే ఉండదు, గమనించారా? అదే లెక్క. ఇలా తేలే సన్నని చుక్కల గుంపుని గాలితుంపర అందాం. శాస్త్రవేత్తలు ఏరోసాల్ అంటారు.

జ్వరం చూసే డాక్టరు ముందు రోగి మాస్కు పెట్టుకుని కూర్చోవచ్చు. పన్ను డాక్టరు ముందు నోరు తెరవాల్సిందే. పైగా ఆ తెరిచిన నోట్లో పిచికారీ లాంటి మర పెట్టాలి. షటరు దిగడానికి కారణం ఇది. ఈ భయం మన ఒక్కరిదే కూడా కాదు. ఇంగ్లండులో 2020 మార్చి 25 నుంచి జూన్ 8 వరకు మామూలు పంటి వైద్యం మొత్తం ఆపేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆగస్టు 3న, వ్యాధి ఊళ్ళో పాకుతున్న చోట్ల అత్యవసరం కాని పంటి పనులు వాయిదా వేయమంది.

గది గాలి మారడానికి ఎంతసేపు?

మన దేశంలో లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. కేంద్ర ఆరోగ్య శాఖ దంతవైద్యులకు మార్గదర్శకాలు మే 19న ఇచ్చింది. మే మొదట్లో విశాఖ జిల్లా ఆరెంజ్ జోన్, అంటే వ్యాధి మధ్యస్థంగా ఉన్న చోటు. ఆ జోన్‌లో క్లినిక్కులు తెరవచ్చు గాని చేసేవి అత్యవసర పనులే. ఎన్95 మాస్కు, ముఖానికి షీల్డు, ఒంటికి పీపీఈ, రోగికీ రోగికీ మధ్య గది గాలి మారేలా విరామం.

ఈ చివరిదే అసలు చిక్కు. గాలి మారడమంటే ఏమిటి?

గిన్నెడు పసుపునీళ్ళు తీసుకోండి. ఒక గ్లాసు పారబోసి, ఒక గ్లాసు మంచినీళ్ళు పోసి కలపండి. మళ్ళీ ఒక గ్లాసు పారబోయండి, మళ్ళీ పోయండి. గిన్నెలో ఎన్ని గ్లాసులు పడతాయో అన్ని గ్లాసులూ ఇలా మార్చినా నీళ్ళు తెల్లబడవు. ఎందుకంటే మొదటి గ్లాసులో చిక్కని పసుపు పోయింది, ఆ తర్వాతి ప్రతి గ్లాసులో పోయేది అంతకంతకూ పలచన. గదిలో గాలీ అంతే. గదెడు గాలి బయటికి పోయి గదెడు కొత్త గాలి వస్తే ఒక గాలిమార్పు. ఒక గాలిమార్పుతో పోయేది నూటికి 63 వంతులే. 99 వంతులు పోవాలంటే నాలుగున్నర గాలిమార్పులు దాటాలి.

గంటకి 6 గాలిమార్పులు జరిగే గదిలో అందుకు 46 నిమిషాలు పడుతుంది. 12 జరిగితే 23 నిమిషాలు. గంటకి రెండే జరిగే మూసిన గదిలోనైతే 138 నిమిషాలు, అంటే రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు.

ఇప్పుడు మన మేడమీది గదికి వద్దాం. పని అరగంట అనుకుంటే, మూసిన గదిలో ఒక్కో రోగికి పట్టేది 168 నిమిషాలు. పది గంటలు తెరిచినా నలుగురిని చూడటం కష్టం. అదే 12 గాలిమార్పుల గది అయితే 53 నిమిషాలకొకరు చొప్పున పదకొండుమంది. డాక్టరు అదే, చెయ్యి అదే. తేడా అంతా గోడలో ఉన్న కన్నానిది. డబ్బున్న ఆస్పత్రి గాలియంత్రం పెట్టించుకుంది. ఒంటిగది క్లినిక్ మూడు నెలల అద్దె, అసిస్టెంటు జీతం, కుర్చీ కోసం తెచ్చిన బ్యాంకు అప్పు నెత్తిన పెట్టుకుని రోజుకి నలుగురితో నెగ్గుకు రావాలి. ఆ నలుగురి కోసం వాడే పీపీఈ ఖర్చు మళ్ళీ రోగి బిల్లులోకే వెళ్ళింది. పని పోయిన ఇంట్లో ఆ బిల్లు కట్టేదెవరు? 'సిమెంటు' పెట్టించుకుంటే సరిపోయే పన్నుని, ఖర్చుకి భయపడి పీకే దశ దాకా పోనివ్వడం ఇలాగే జరుగుతుంది.

ఏసీ వేస్తే గాలి మారుతుందని చాలామంది అనుకుంటారు. మారదు. గోడకి తగిలించే స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. పసుపునీళ్ళని ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పసుపు పోదు కదా. మారాలంటే కిటికీ తెరవాలి, ఎదురుగోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గదికి, నిమిషానికి 200 ఘనపుటడుగుల గాలి బయటికి తోసే ఫ్యాను ఉంటే గంటకి 12 గాలిమార్పులు వస్తాయి. వంటింటికి కొనే మంచి ఫ్యాను చాలు. కాకపోతే అది గాలిని ఎటు తోస్తోందో చూడాలి. మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న నలుగురి ముఖాల మీదికి తోస్తే రోగాన్ని ఒక గది నుంచి ఇంకో చోటికి మార్చినట్టే.

కిటికీ తీసి ఏసీ ఆపిన గదిలో, మే నెలలో, విశాఖలో పీపీఈ వేసుకుని నిలబడటం మాటల్లో చెప్పేది కాదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ముందే ఎక్కువ. ప్లాస్టిక్ తొడుగు లోపల అది ఇంకా ఎక్కువ. చెమట ఆరదు, ధారగా కారుతుంది. షీల్డు ఊపిరికి మసకేస్తుంది. ఆ మసకలోంచి మిల్లీమీటరు తేడా వస్తే నరం తెగే పని చెయ్యాలి. ఆ రోజుల్లో తెరిచి ఉంచిన డాక్టర్లకి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఎన్95 మాస్కు సంగతీ చెప్పాలి. అది జల్లెడ కాదు. సన్నని ప్లాస్టిక్ పోగులకి తయారీలోనే విద్యుత్తు ఎక్కిస్తారు. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు ఆ పోగులు తుంపరని లాక్కుంటాయి. దాన్ని ఉతికితే, స్పిరిటు చల్లితే ఆ గుణం పోతుంది. చూపుకి కొత్తదే, పనికి ఉత్త గుడ్డ. అందుకే మాస్కులకి కరువొచ్చినప్పుడు ఐదు కొనుక్కుని, ఒక్కోటి ఒక్కో కాగితం సంచిలో ఆరబెట్టి, రోజుకొకటి చొప్పున వంతులవారీగా వాడుకున్నారు.

గోపాలపట్నానికి ఆ ఏడు గాలి భయం రెండు విధాల వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున దగ్గర్లోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఉన్న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే రసాయనం ఉన్న ట్యాంకు నుంచి ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల ఇళ్ళల్లోనే ఉన్న జనం చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు కాబట్టి నేల పట్టుకుని పాకింది. ఆ ట్యాంకులో జరిగిన రసాయన చర్యకి పన్ను డాక్టరు గదిలో చిన్న చుట్టం ఉంది. కట్టుడు పళ్ళకి వాడే పొడి, ద్రవం కలిపి ముద్ద చేస్తే అది గట్టిపడుతూ వేడెక్కుతుంది. వేలితో ముట్టుకుంటే తెలుస్తుంది. చిన్న అణువులు గొలుసుగా అల్లుకునేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి అల్లికని ఇంకా వేగంగా నడిపిస్తుంది. అందుకే సీసాలో ఉన్నంతకాలం అల్లుకోకుండా ఆపే మందు కొద్దిగా కలిపి ఉంచుతారు. ముద్ద గోరంత కాబట్టి వేడి పోతుంది. టన్నుల కొద్దీ ఉన్న ట్యాంకులో, ఆపే మందు చాలక, చల్లబరిచే ఏర్పాటు సరిగా లేక, ఆ వేడికి పోయే దారి లేకపోయింది.

పన్ను ఆగదు

"బాబూ, రేత్రంతా కంటిమీద కునుకు నేదు" అని ఉత్తరాంధ్ర పెద్దావిడ ఫోన్లో చెబితే డాక్టరు తెలుసుకునేది చాలా ఉంది. పంటినొప్పి రాత్రే ఎందుకు ఎక్కువ? గుజ్జు వాస్తే పొంగడానికి చోటు లేదు, చుట్టూ రాయిలాంటి గోడ. మూత బిగించిన డబ్బాలో ఇడ్లీపిండి పులిస్తే ఏమవుతుంది? ఒత్తిడంతా లోపలే. ఆ ఒత్తిడి నరం మీద పడుతుంది. పడుకుంటే తలకి రక్తం ఎక్కువగా పారి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. తలగడ ఎత్తు పెట్టుకోమని చెప్పడం అందుకే.

ఫోన్లో చెప్పగలిగిన వైద్యంలో ఇది మొదటిది. లవంగనూనె దూదితో అద్దుకోవడం రెండోది. ఆ నూనెలోని యూజినాల్ నరాన్ని కాసేపు మొద్దుబరుస్తుంది. మూడోది మాత్రలు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో 14410 నంబరుతో టెలిమెడిసిన్ వచ్చింది. అదే నెలలో జ్వరం మందులు కొనేవాళ్ళ వివరాలు రాసుకోమని తెలుగు రాష్ట్రాల్లో మందుల షాపులకి చెప్పారు. పంటినొప్పికి పారాసిటమాల్ అడిగినవాళ్ళు కూడా పేరు, ఫోన్ నంబరు ఇవ్వాల్సి వచ్చింది.

యాంటీబయాటిక్ వేసుకుంటే తగ్గుతుందన్న నమ్మకం మనకి బలంగా ఉంది. ఇంగ్లండులోనే ఆ వేసవి దంతవైద్యులు రాసిన యాంటీబయాటిక్‌లు అంతకు ముందు ఏడాది కంటే సుమారు పాతిక శాతం పెరిగాయి. చీటీ లేకుండా మందు అమ్మే చోట చెప్పేదేముంది. మందు పనిచేయాలంటే రక్తంతో ప్రయాణించాలి. గుజ్జు చచ్చిన పంటిలోకి రక్తమే పారదు. రోడ్డు తెగిపోయిన ఊరికి లారీ ఎలా వెళ్తుంది? ఊరి పొలిమేరలో, అంటే పంటి చుట్టుపక్కల, చీముని కాస్త అదుపు చేస్తుంది. వారం తర్వాత మళ్ళీ మొదలు. పన్ను తెరిచి శుభ్రం చేయడమో, పీకడమో తప్ప దారి లేదు.

డాక్టరు ఫోన్లో అడగాల్సిన అసలు ప్రశ్నలు వేరే. "నోరు రెండు వేళ్ళంత తెరుచుకుంటోందా అమ్మా? మింగుడు పడుతోందా? గడ్డం కింద గట్టిగా వాచిందా? నాలుక పైకి లేచినట్టుందా?" కింది దవడ పంటి చీము గడ్డం కిందికి పాకితే గొంతు మూసుకుపోయి మనిషి పోవచ్చు. అలాంటివాళ్ళని క్లినిక్కుకి కాదు, నేరుగా విశాఖలోని కేజీహెచ్ లాంటి పెద్దాస్పత్రికి పంపాలి. పంటినొప్పితో ప్రాణం పోదని అనేవాళ్ళు ఈ వాపుని చూసి ఉండరు.

అంగిలి చూసే కన్ను

కరోనా రెండో అలలో, 2021 ఏప్రిల్ 22న, విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకి బయల్దేరింది. ఆ రెండో అల తగ్గుముఖం పట్టేసరికి పన్ను డాక్టర్ల దగ్గరికి కొత్త రోగులు వచ్చారు. "కరోనా తగ్గి రెండు వారాలైంది. పై పళ్ళు నాలుగు ఒకేసారి కదులుతున్నాయి." పుచ్చు లేదు, దెబ్బ తగల్లేదు. బ్లాక్ ఫంగస్ అది, మ్యూకర్‌మైకోసిస్. 2021 జూన్ చివరికి దేశంలో కేసులు 40 వేలు దాటాయి. ఆంధ్రప్రదేశ్ దాన్ని మే నెలలో ఆరోగ్యశ్రీలో చేర్చింది.

ఆ బూజు విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. నిలవ రొట్టె మీద పెరిగేవి వాటి దాయాదులే. షుగరు అదుపు తప్పి, పైగా స్టెరాయిడ్లు పడిన ఒంట్లో అవి ముక్కు పక్కన గాలిగదుల్లో వేళ్ళూనుకుని రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తాయి. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. పై దవడ ఎముక ఆ గాలిగదులకి నేల, పై పళ్ళ వేళ్ళు ఆ నేల కింద. నేల కుళ్ళితే పళ్ళు కదులుతాయి. అక్కడి నుంచి కంటి గూడు అడ్డగోడంత దూరం. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని మనవాళ్ళలో ఒక భయం ఉంది. పీకడం వల్ల అలా జరగదు. కానీ ఈ రోగం మాత్రం నిజంగానే ఆ దారిన పోయింది. కదిలే పన్ను చూసి మామూలు చిగుళ్ళ జబ్బని పంపేస్తే నాలుగు రోజుల్లో కన్ను పోయేది. చిన్న అద్దంతో అంగిలి నలుపు పట్టుకుని కేజీహెచ్‌కి తోలిన డాక్టరు ఒక ప్రాణం నిలబెట్టినట్టే.

ఉత్తరాంధ్రలో అంగిలి చూడటానికి ఇంకో పాత కారణం ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ. ఎక్కువగా ఆడవాళ్ళ అలవాటు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చిన పరిశోధనకి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించారు. నిప్పు సెగకి అంగిలి తెల్లగా మందమై, ఎర్రచుక్కలు లేచి, కొందరిలో పుండై క్యాన్సర్‌కి దారితీస్తుంది. ఈ పెద్దమ్మలు నొప్పి లేని మచ్చ కోసం ఆస్పత్రికి రారు. ఊళ్ళో పంటి శిబిరం పెడితే, పన్ను చూపించుకోడానికి వచ్చినప్పుడు అంగిలి కనబడుతుంది. 2020లో శిబిరాలు ఆగిపోయాయి. ఆ ఏడాది ఎవరూ చూడని మచ్చల లెక్క ఏ పట్టికలోనూ ఎక్కదు.

మర లేని వైద్యం

గాలితుంపరే చిక్కైతే, తుంపర లేపకుండా పని చెయ్యలేమా?

ఒక దారి పాతదే. 1864లో న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ పలచని రబ్బరు గుడ్డకి కన్నం పెట్టి, పన్ను ఒక్కటీ అందులోంచి బయటికొచ్చేలా బిగించాడు. మిగతా నోరంతా గుడ్డ వెనకే. ఉమ్మి మరకి తగలదు, తుంపరలో కలవదు. కాలేజీలో నేర్చుకుని క్లినిక్కులో చాలామంది పక్కన పెట్టేసిన గుడ్డ ఇది.

ఇంకో దారి పేద దేశంలోనే పుట్టింది. 1980ల మధ్యలో టాంజానియాలో యో ఫ్రెంకెన్ అనే దంతవైద్యుడు, కరెంటూ మరా లేని పల్లెల కోసం ఒక పద్ధతి రూపొందించాడు. మెత్తబడిన పుచ్చుని చిన్న చెంచాలాంటి పనిముట్టుతో చేత్తోనే గీకేసి, గ్లాస్ అయానమర్ అనే సిమెంటుతో మూసేయడం. పుచ్చు అంతా పోవాలని లేదు. లోపల మిగిలిన క్రిములకి తిండి అందకుండా గట్టిగా మూస్తే అవి పెరగలేవు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సమర్థించింది. చాలాకాలం దీన్ని గతిలేని వైద్యంగానే చూశారు. మహమ్మారి రోజుల్లో డబ్బున్న దేశాలు కూడా ఇదే పద్ధతిని వెతుక్కున్నాయి. పిల్లల పళ్ళకి పూసే సిల్వర్ డయామీన్ ఫ్లోరైడ్ కూడా అలాంటిదే. ఒక చుక్కతో చాలాసార్లు పుచ్చు అక్కడికి ఆగుతుంది. మచ్చ నల్లబడుతుంది కాబట్టి తల్లికి ముందే చెప్పి పూయాలి. 2021లో ఈ మందునీ, గ్లాస్ అయానమర్‌నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

మొదట పడ్డ భయం ఎంత నిజమో కూడా తర్వాత కొంత తేలింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పూర్ణిమ కుమార్ బృందం 28 మంది రోగులకు పని చేస్తుండగా లేచిన తుంపరని పట్టి పరీక్షించి 2021లో ప్రచురించింది. తుంపరలో ఎక్కువ భాగం మరలోంచి వచ్చిన నీరే. ఉమ్మి వాటా చాలా తక్కువ. కొందరి ఉమ్మిలో వైరస్ ఉన్నా తుంపరలో దొరకలేదు. అమెరికాలో 2020 జూన్‌లో చేసిన సర్వేలోనూ కరోనా సోకిన దంతవైద్యులు నూటికి ఒక్కరి లోపే అని అంచనా. అలాగని మొదట భయపడ్డవాళ్ళది తప్పనలేం. 2020 మార్చిలో ఈ సమాధానాలు లేవు. పైగా ఆ సర్వే జరిగిన దేశంలో మాస్కులూ, గాలి మారే గదులూ మన మేడమీది గదిలో కంటే ఎక్కువ.

మేడమీది గదిలో కిటికీ తెరిచారు. దుమ్ము వస్తోంది, ఆటోల హారన్లు వినబడుతున్నాయి. కుర్చీని వెలుగు వైపు తిప్పి ఉంచారు. ఏడేళ్ళ పిల్ల నోరు తెరిచింది. డాక్టరు చిన్న చెంచాతో పుచ్చులోంచి తడిసిన చెక్కపొడిలాంటి గోధుమరంగు మెత్తదనాన్ని గీకి దూదికి తుడుస్తున్నారు. మర చప్పుడు లేదు, నీళ్ళు లేవు. సిమెంటు కలిపి, గుంటలో నొక్కి, వేలికి కాస్త వాజలిన్ రాసుకుని పైన అదిమి పట్టుకున్నారు. రెండు మూడు నిమిషాలు అలాగే.

"గంటసేపు ఏమీ తినకు తల్లీ."